పిడికిట్లో బొటనవేలు

మా ఊరికి జీపు వస్తే ఆడవాళ్లు మొదట చేసే పని కుడి చేతిని కొంగు కిందికి తీసుకోవడం. మగవాళ్లు ఎడమ చేతి బొటనవేలిని అరచేతిలోకి మడిచి, మిగిలిన నాలుగు వేళ్లూ దాని మీద మూసి, ఆ పిడికిలిని వీపు వెనక పెట్టుకుని నిలబడతారు. వచ్చిన అధికారి అది మర్యాద అనుకుంటాడు. ఈ ఊరి జనం ఎంత వినయంగా ఉన్నారో అని మెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు. అది వినయం కాదు. వేలిని దాచుకోవడం. ఆ అలవాటు ఊరికి నేర్పింది నేనే. ఒక రోజు, రెండు రోజులు కాదు, నా ప్రాయమంతా నేర్పాను. ఇప్పుడు ఆ అలవాటులోనే నేను ఇరుక్కున్నాను కాబట్టి, అది ఎట్లా మొదలైందో రాసిపెట్టే బాధ్యత కూడా నాదే.

నేను పుట్టిన ఊరు ఇప్పుడు ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది. ఎండాకాలం నీళ్లు బాగా ఇంకితే మా గానుగ రోలు అంచు ఒకటి బయటికి కనిపిస్తుంది. మిగతాదంతా బురద. ఆ ఊర్లో మా నాయనకు చెరువు కింద మంచి భూమి ఉండేది. ఒక దినం ఒక గుమాస్తా, ఇద్దరు బంట్రోతులు వచ్చారు. కరువు సాయం కింద బావులు తవ్విస్తామని, అందుకు పేర్లు రాసుకుంటున్నామని చెప్పారు. మా నాయన తన బొటనవేలిని పంచెకు రెండుసార్లు తుడుచుకుని మరీ వేశాడు, ముద్ర బాగా పడాలని. ఊదా సిరా అంటిన ఆ వేలిని ఇంటికొచ్చి మా అమ్మకు చూపించాడు. పెండ్లికి గోరింటాకు పెట్టుకున్నవాడిలాగా చూపించాడు.

రెండేళ్లకు ఊరు ఖాళీ చేయమని వచ్చారు. మా నాయన వాళ్ల ముందు నిలబడి, "అది బావుల కాయితం గదా సామీ" అన్నాడు. ప్రాజెక్టుకు భూములు ఇస్తామని ఇందులో ఒప్పుకున్నారంటూ వాళ్లు కాగితం చూపించారు. ఆ కాగితాన్ని చదవగలిగినవాడు ఊర్లో ఒక్కడూ లేడు. వాళ్లు చెప్పిందే అందులో ఉందని నమ్మాలి. మొదటిసారి నమ్మినట్లే రెండోసారీ నమ్మాలి.

అప్పటికి నేను మేకలు కాసేవాణ్ణి. ఆ కాగితం నకలు ఒకటి మా ఇంట్లో చూరులో చెక్కిపెట్టి ఉండేది. దాన్ని చదవాలన్న ఒకే ఒక్క పట్టుదలతో నేను అక్షరాలు నేర్చుకున్నాను. బడి లేదు, పంతులు లేడు. బస్సు బోర్డు మీద బద్వేలు అని రాసి ఉంటే, ఆ బస్సు బద్వేలుకు పోతుందని కండక్టరు అరుస్తాడు కాబట్టి, అందులో 'బ' ఏదో నాకు తెలిసింది. సోడా దుకాణం గోడ మీద రాతలు, శనగలు పొట్లం కట్టిన పేపరు ముక్కలు, సినిమా వాల్‌పోస్టర్లు. అట్లా ఒక్కొక్క అక్షరం తెచ్చుకుని ఆ కాగితం మీద పెట్టి చూసుకున్నాను. నేను పూర్తిగా చదవగలిగిన మొదటి వాక్యం ఇది: "ఎవరి బలవంతము లేకుండా నా ఇష్టపూర్వకముగా ఒప్పుకొని వేలిముద్ర వేసినాను."

మా నాయనకు చదివి వినిపించాను. "ఇంగోసారి చదువు" అన్నాడు. చదివాను. ఎవరి సంగతో విన్నట్లు విన్నాడు. "బలవంతం లేదనేది నిజమేలే నాయనా. నా చెయ్యి ఎవురూ పట్టుకోలేదు గదా" అన్నాడు.

ఆ మాటకు నాకు వచ్చిన కోపం ఈ రోజుకూ తగ్గలేదు. మోసం చేసినవాళ్ల మీద కన్నా, ఆ కాగితం మాటను మా నాయన నోటితోనే ఒప్పించిన ఆ రాత మీద కోపం.

ఎగువకు వచ్చి ఈ ఊర్లో స్థిరపడ్డాం. వంక పక్కన నాలుగెకరాల నల్లరేగడి మా వంతుకు దక్కింది. మొదట జొన్న, కొర్ర. తర్వాత శనగ. మా నాయన ఆ భూమిలోనే చనిపోయాడు, గెనిమ మీద కూర్చుని ఉన్నవాడు అట్లాగే పక్కకు ఒరిగిపోయాడు. గెనిమ అంటే పొలం గట్టు. ఆయన కూర్చున్న చోట ఒక రాయి ఉంది, నేనూ అక్కడే కూర్చుంటాను.

చదువు వచ్చినవాడినని తెలిశాక ఊరంతా కాగితాలు నా దగ్గరికే తెచ్చేది. లెక్కల కాగితమైనా, కరెంటు కాగితమైనా, కోర్టు కాగితమైనా నా అరుగు మీదికే. నేను చదివి, "వద్దు. వేలు పెట్టొద్దు" అనేవాణ్ణి. దాదాపు ప్రతిసారీ అదే మాట. పిల్లలకు ఆటగా నేర్పాను: జీపు వచ్చిందంటే బొటనవేలు గూట్లోకి పోవాలని. పెద్దవాళ్లు మొదట నవ్వారు, తర్వాత వాళ్లకూ అలవాటైంది. పక్క ఊరివాళ్లు మమ్మల్ని ఎగతాళి చేసేవాళ్లు. "మీ ఊరోళ్లకు చేతికి నాలుగే ఏళ్లంట గదప్పా!" అని సంతలో అరిచేవాళ్లు. నేను గర్వపడేవాణ్ణి.

నా పొలానికి తూర్పు పక్క రెండెకరాలు ఒకామెది. నాకు చెల్లెలి వరస, అన్నా అని పిలుస్తుంది. ఆమె మొగుడు పిడుగు పడి చనిపోయాడు. ఇద్దరు ఆడపిల్లలతో, బోద గడ్డి కప్పిన కొట్టంలో ఉండేది. ఆమె మొగుడు పోయిన మరుసటి ఏడు ఒక జీపు వచ్చింది. ఒక కాగితం మీద వేలిముద్ర వేయమన్నారు. ఆమె ఆ కాగితాన్ని పట్టుకుని నా అరుగు దగ్గరికి పరిగెత్తుకుంటూ వచ్చింది. జీపు ఇంజను ఆపలేదు, గుమాస్తా తొందర పెడుతున్నాడు. నేను కాగితం చూసి, "వద్దమ్మా" అన్నాను. ఆమె చేతిని కొంగు కింద పెట్టుకుని వెనక్కి పోయింది.

అది ఇంటి మంజూరు కాగితమని తర్వాత తెలిసింది. మగదిక్కు లేని ఆడవాళ్లకు రెండు గదుల మిద్దె ఇండ్లు. పక్క ఊర్లో కట్టారు, ఇప్పటికీ ఉన్నాయి. ఆమె ఇద్దరు పిల్లల పెండ్లిండ్లూ ఆ కొట్టం ముందరే చేసింది. ఇన్నేళ్లలో ఆ సంగతి ఆమె నన్ను ఎన్నడూ అడగలేదు. వానాకాలం ఆమె కొట్టం ముందు నుంచి పోవాల్సి వస్తే నేను వంక దారిన చుట్టి పోతాను.

ఇంతవరకూ పాత సంగతి. ఇప్పటిది చెప్తాను.

కొన్నేళ్ల కింద భూములన్నీ మళ్లీ కొలుస్తామన్నారు. ఆకాశంలో ఎగిరే డ్రోను వస్తుందని, ఆ రోజు ప్రతి రైతూ తన గెనిమ మీద నిలబడి హద్దు చూపించాలని దండోరా వేయించారు. ఊరు నా అరుగు మీదికి వచ్చింది. "ఏం చేద్దామన్నా?" అన్నారు. నేను ఆలోచించనైనా లేదు. గెనిమ మీద నిలబడితే వాళ్లు కొలిచిందానికి ఒప్పుకున్నట్లే అన్నాను. మనం ఒప్పుకోకపోతే వాళ్లేం రాసుకున్నా అది చెల్లదని అన్నాను. మా నాయన ఒప్పుకున్నందుకే కదా ఊరు మునిగింది అన్నాను. ఆ మాటకు ఎదురు చెప్పేవాడు మా ఊర్లో లేడు.

డ్రోను వచ్చిన రోజు మా ఊరి పొలాల్లో మనిషన్నవాడు లేడు. సగం మంది అహోబిలం పోయారు మొక్కు ఉందని. కొందరు బనగానపల్లె సంతకు పోయారు. నేను ఇంట్లో తలుపు వేసుకుని కూర్చున్నాను. తల మీద తేనెటీగల గుంపు తిరిగినట్లు ఆ చప్పుడు చాలాసేపు వినిపించింది. మేము గెలిచామనుకున్నాను.

తర్వాత కొత్త పాసు పుస్తకాలు వచ్చాయి. నాకు రాలేదు. గ్రామ సచివాలయానికి పోయి అడిగితే కంప్యూటరులో చూసి, నా నాలుగెకరాలు వంక పోరంబోకులో కలిసిపోయాయన్నారు. అంటే ప్రభుత్వ భూమి. పై నుంచి చూసిన యంత్రానికి వంకా, వంక పక్కన కోత అయిపోయిన నల్ల నేలా ఒక్కటే రంగు. గెనిమ మీద మనిషి లేడు. "యజమాని హాజరు కాలేదు" అని రాసి ఉంది. నిజమే. హాజరు కాలేదు. అది చదువుతుంటే నాకు మా నాయన గొంతు వినిపించింది, నా చెయ్యి ఎవురూ పట్టుకోలేదు గదా అని.

తూర్పు పక్క చెల్లెలికి పాసు పుస్తకం వచ్చింది. రెండెకరాలకు బదులు ఎకరా అరవై సెంట్లు. నా పొలంతో పాటు ఆమె పొలం అంచు కూడా వంకలోకి పోయింది.

అక్కడి సర్వేయరు చిన్న వయసువాడు. మంచివాడే. మా నాయన కాలంలో వచ్చినవాళ్లు అరిచేవాళ్లు. ఈ కాలం వాళ్లు కుర్చీ వేసి కూర్చోమంటారు, నీళ్లు తాగుతారా అని అడుగుతారు. అరిచేవాడిని తిట్టుకుని బయటికి రావచ్చు. నీళ్లు ఇచ్చినవాడి ముందు ఏం చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

"తాతా, మీది సరి చేయొచ్చు," అన్నాడు. "మీ హద్దుదారు ఒప్పుకుంటూ సంతకం చేయాల. పడమర వంక, ఉత్తరం బాట, దక్షిణం గుట్ట. మనుషులుండేది తూర్పునొక్కటే. ఆయమ్మ ఈ ఫారం మీద వేలిముద్ర వేస్తే చాలు, నేను పైకి పంపిస్తా."

"ఆయమ్మకు గూడా నలభై సెంట్లు తగ్గింది గదప్పా. అదెట్ల?"

అతను మళ్లీ కంప్యూటరు చూశాడు. "ఆయమ్మది సరి చేయాలంటే ఆయమ్మ హద్దుదారు సంతకం కావాల."

"ఆయమ్మ హద్దుదారును నేనే."

"రికార్డులో మీరు లేరు తాతా. మీ జాగాలో గవర్నమెంటు ఉండాది."

"అయితే ముందు నాది సరి చెయ్యి. నేను రికార్డులోకి వచ్చినాక ఆయమ్మకు నేను సంతకం పెడతా."

"అట్లే," అన్నాడు. కానీ ఆ మాట అని ఫారం నా చేతిలో పెట్టి, నా ముఖం వైపు చూడకుండా ప్రింటరు సర్దుకున్నాడు. ఆ చూడకపోవడం నాకు బాట పొడుగునా గుచ్చుకుంటూనే ఉంది.

మరుసటి రోజు పొద్దున ఫారం, సిరా డబ్బీ పట్టుకుని ఆమె కొట్టం ముందుకు పోయాను. ఆమె శనగలు చెరుగుతోంది. నన్ను చూసి చేట దించి, కుడి చేతిని కొంగు కిందికి తీసుకుంది. జీపు వస్తే తీసుకున్నట్లే. చేతిలో కాగితం ఉంది కదా.

"ఏమన్నా, నువ్వు గూడా కాయితాలోడివైతివా?" అంది నవ్వుతూ.

సంగతంతా చెప్పాను. విని, కొంగు కింది నుంచి చెయ్యి తీసి చూసుకుంది. "ఈ ఏలు యాడ పడతాదన్నా? నెలనెలా బియ్యం బండి కాడ ఆ మిషను మింద పెడతాండా, పడదు. తుడిచి పెట్టమంటారు, పడదు. నూనె రాసి పెట్టమంటారు, పడదు. అరిగిపాయెనంట. నువ్వు చెప్పినావని ఇన్నేండ్లు దాచి పెట్టుకుంటి. ఇప్పుడు ఇస్తామంటే తీసుకునేటోడు ల్యా."

నాకు నవ్వు వచ్చింది, ఆమెకూ వచ్చింది. ఆ నవ్వు ఆగినాక కాగితం చదవమంది.

చదవడం మొదలుపెట్టాను. సర్వే నంబరు, హద్దులు, నా పేరు, ఆమె పేరు. తూర్పు హద్దుదారు అయిన నేను ఫలానా నాలుగు ఎకరములు ఫలానా వారి అనుభవములో ఉన్నదని ఎరుగుదును. ఇంతవరకూ గట్టిగా చదివాను. కింద చిన్న అక్షరాల్లో ఇంకో నాలుగు వరుసలున్నాయి. నా కన్ను వాటి మీదికి పోయింది. రికార్డులో చూపిన విస్తీర్ణములన్నియు సరియైనవని, నా భూమి విస్తీర్ణము పైన ఇకమీదట ఎటువంటి అభ్యంతరము లేదని, ఎవరి బలవంతము లేకుండా నా ఇష్టపూర్వకముగా ఒప్పుకొని...

అదే వాక్యం. కాగితం మారింది, అచ్చు మారింది, వాక్యం మారలేదు. ఆమె వేలు పడితే నా నాలుగెకరాలు నాకు వస్తాయి. ఆమె నలభై సెంట్లు శాశ్వతంగా పోతాయి. రికార్డులోకి వచ్చినాక నేను ఎన్ని సంతకాలు పెట్టినా పనికి రాదు.

నేను కాగితం మడిచాను. "అంతే అమ్మా," అన్నాను.

రాసేటప్పుడు నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. అంతే అమ్మా అన్నాను.

ఆమె నన్ను చూస్తోంది. "ఇంకా కిందికి ఉండాదే అన్నా? నీ కన్ను అంత దూరం పాయె. నోరు మాత్రం నడిమిట్లోనే నిలిచె."

మడిచిన కాగితాన్ని ఇంకో మడత పెట్టాను.

"ఆ దినం గూడా ఇట్లనే చదివింటివా?" అంది. గొంతు పెంచలేదు. చేటలోని శనగల్లో నుంచి ఒక రాయి ఏరి పక్కన వేసింది. "ఇంటి కాయితం తెచ్చిన దినం?"

ఇన్నేళ్లు ఆమె అడగని మాట అది. ఆ రోజు నేను చూసింది కాగితం పైన ఉన్న గుండ్రటి ముద్రనూ, కింద చివరి వరుసలో ఉన్న 'ఇష్టపూర్వకముగా' అన్న ఒక్క మాటనూ. అంతే. నడుమ వరుసల్లో ఇల్లు ఉంది. ఆ నడుమ నేను చదవలేదు. జీపు మోగుతోంది, గుమాస్తా తొందర పెడుతున్నాడు, నా రక్తం మరుగుతోంది, వద్దన్నాను. చదువు లేని మా నాయన చదవకుండా వేలు వేశాడు. చదువు నేర్చిన నేను చదవకుండా వద్దన్నాను.

"ల్యా," అన్నాను. "ఆ దినం చదవలేదు."

ఆమె చేట ఎత్తి మళ్లీ శనగలు చెరిగింది. పొట్టు గాలికి నా కాళ్ల మీద పడింది. చివరికి ఆమె, "ఈ పొద్దన్నా పూరాగా చదువు" అంది. కాగితం విప్పి ఆ నాలుగు వరుసలూ చదివాను. అర్థం కాదేమోనని మళ్లీ మామూలు మాటల్లో చెప్పాను: నీ వేలు పడితే నాది నాకు వస్తుంది, నీ నలభై సెంట్లు నీకు ఇక రావు.

ఆమె లోపలికి పోయి చెయ్యి కడుక్కుని వచ్చింది. చీర కుచ్చిళ్లకు బొటనవేలు తుడుచుకుంది. రెండుసార్లు తుడుచుకుంది.

"ఇయ్యన్నా. నాది ఎట్లనో పాయె. ముసిల్దాన్ని, ఆ నలభై సెంట్లలో నేను ఏం పండిస్తా? నీదన్నా నిలబడనీ."

సిరా డబ్బీ మూత తీసే ఉంది. ఆమె చెయ్యి ముందుకు వచ్చింది. నాలుగెకరాలు నాకూ ఆ వేలికీ నడుమ జానెడు దూరంలో ఉన్నాయి. నేను మంచివాణ్ణని ఎవరూ అనుకోవద్దు. ఆమె వేలు తుడుచుకోకుండా ఉంటే నేను వేయించుకుని ఉండేవాణ్ణేమో. ఆ తుడుచుకోవడం చూసినాక నా చేత కాలేదు. డబ్బీ మూత మూసేశాను.

"వద్దమ్మా," అన్నాను.

"మళ్లా వద్దంటాండావా?" ఆమెకు కోపం వచ్చింది. నిజమైన కోపం. "నీకు ఆ మాట తప్ప ఇంగో మాట రాదా? ఇల్లు వద్దంటివి. గెనిమ మీద నిలబడొద్దంటివి. ఇప్పుడు నీ భూమి నీకిస్తానంటే అదీ వద్దంటివి!"

"ఈసారి చదివి చెప్తాండా," అన్నాను.

ఫారం తీసుకుపోయి సర్వేయరుకు వెనక్కి ఇచ్చాను. ఆ నాలుగు వరుసలు కొట్టేయమని అడిగాను. అది కంప్యూటరులో నుంచి వచ్చేదనీ, తను మార్చడానికి లేదనీ అన్నాడు. మార్చేవాళ్లెవరని అడిగితే పైన అన్నాడు. ఆ పైన ఎక్కడుందో చెప్పమంటే నీళ్లు తాగుతారా అని అడిగాడు. కాసేపటికి ఏమనుకున్నాడో, ఇంకో దారి ఉందన్నాడు. ఇద్దరూ కలిసి మళ్లీ కొలవమని అర్జీ పెట్టుకోండి, నేనో, ఇంకొకరో వస్తాం, ఆ రోజు మాత్రం గెనిమ మీద నిలబడండి తాతా, అన్నాడు. అర్జీ నేనే రాశాను. ప్రతి వరుసా ఆమెకు చదివి వినిపించాను. ఆమె విసుక్కుంది, అయినా చివరిదాకా వినిపించాను.

వస్తామన్న రోజు పొద్దు పొడవకముందే పోయి నిలబడ్డాం. నేను మా నాయన రాయి దగ్గర, ఆమె తన గెనిమ మొదట్లో తల మీద తువ్వాలు కప్పుకుని. ఎవరూ రాలేదు. తర్వాతి వారం అన్నారు. అప్పుడూ పోయాం. ఊరివాళ్లు బాటన పోతూ మమ్మల్ని చూసి నవ్వారు. "ఏమప్పా, దిష్టిబొమ్మలు రెండు పెట్టినారే ఈ ఏడు!" అని ఒకడు అరిచాడు. వాడికి ఒకప్పుడు బొటనవేలు మడవడం నేర్పిందీ నేనే.

మూడోసారి ఎండ నెత్తి మీదికి వచ్చినాక బాట మీద దుమ్ము లేచింది. జీపు. నా చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది, వేలు లోపలికి మడుచుకుంది. పక్కకు చూస్తే ఆమె చెయ్యీ కొంగు కిందే ఉంది.

"ఊపన్నా!" అని అరిచింది. "అట్ల నిలబడితే ఏమనుకుంటాడు? ఊపు!"

ఇద్దరం చేతులు పైకెత్తి ఊపాం. వేళ్లన్నీ విప్పి ఊపాం. జీపు మా ముందర నిలవకుండా ఎగువ ఊరి దిక్కు పోయింది. ఎవరి జీపో తెలియదు. దుమ్ము వచ్చి మా మీద పడింది.

ఆమె తువ్వాలుతో ముఖం తుడుచుకుంది. "వచ్చే వారం వస్తారంటావా అన్నా?"

శనగకు అదను దాటిపోతోంది. కాగితంలో వంక అని రాసి ఉన్న ఆ నేలను నేను మొన్ననే దున్నించాను. విత్తనాలు ఇంట్లో మూట కట్టి ఉన్నాయి.

"తెలీదమ్మా," అన్నాను. "వచ్చేటప్పుడు నువ్వు నీళ్లు తీసుకురా. నేను గొడుగు తెస్తా."